పుట్టింది అన్న మాటకి ఇంగ్లీషు

నందిగామ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే కృపారావుకి ఒక మాట చాలదు. ఒక్క అర్థానికి నాలుగు మాటలు చెప్పగలిగినవాడికే ఇంగ్లీషు వచ్చినట్టని అతని నమ్మకం. ఏదైనా కొత్తగా పుట్టడం, కలగడం, బయటపడడం పాఠంలో తగిలిందంటే ఆ పీరియడంతా దానికే సరిపోయేది. అరైజ్, ఎమర్జ్, ఆరిజినేట్, క్రాప్ అప్, కమ్ ఇంటూ బీయింగ్ అని బోర్డు నిండా రాసేవాడు. తగాదాలు అరైజ్ అవుతాయి, నదులు కొండల్లో ఆరిజినేట్ అవుతాయి, చంద్రుడు మబ్బు చాటునుంచి ఎమర్జ్ అవుతాడు అంటూ గొంతు పెంచి చెబుతుంటే పక్క క్లాసు మాస్టర్లు కూడా చెవి వొగ్గేవారు. ఇంతా చేసి, ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్న మనిషితో అతను ఎన్నడూ మాట్లాడి ఎరగడు.

1958 వేసవి సెలవుల్లో ఆ అవకాశం రానే వచ్చింది. జగ్గయ్యపేటలో ఊరి పెద్దలు వైద్యం కాంపు పెట్టించారు. ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మకి తెలుగు ముక్క రాదు. రోగులు చెప్పేది ఇంగ్లీషులో చెప్పడానికి మనిషి కావాలంటే హెడ్మాస్టరు జగన్నాథరావు కృపారావు పేరు చెప్పాడు. ఆ ఎండల్లోనూ కృపారావు కోటు వేసుకుని వెళ్ళి, డేరాలో డాక్టరమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా వరసలో జనం. ఓ పక్క బెంచీ మీద జగన్నాథరావు, ఊరి పెద్దలు. మంచినీళ్ళందిస్తూ తన క్లాసు పిల్లలే కొందరు.

పొద్దున్నుంచీ పని జోరుగా సాగింది. కురుపు పుట్టిందని ఒకరు, మంట పుట్టిందని ఒకరు, నొప్పి పుట్టిందని ఇంకొకరు. మన వాళ్ళకి అన్నీ పుట్టడమే. కృపారావు మాత్రం ఒకసారి వాడిన మాట మళ్ళీ వాడకుండా కురుపుని ఎమర్జ్ చేశాడు, మంటని ఆరిజినేట్ చేశాడు. డాక్టరమ్మ ఒకటి రెండుసార్లు తలెత్తి చూసి నవ్వింది. తన భాషకి మురిసిపోతోందనుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక చిల్లకల్లు నుంచి పున్నమ్మ అనే ఆవిడ వచ్చింది. భర్త పోయి రెండేళ్ళయింది. మరిది రత్తయ్య వెంట ఉన్నాడు. అంతమంది మగవాళ్ళ ముందు నోరు పెగలక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లిగా చెప్పింది.

"కడుపులో గడ్డ పుట్టిందండి. ఉగాది కాడినుంచీ."

గడ్డ అన్నదానికి ఇంగ్లీషు మాట చప్పున తోచలేదు. పుట్టడానికి అన్ని మాటలు తెలిసినవాడికి గడ్డ దగ్గర నాలుక ఆగిపోయింది. తోచలేదని తెలియనివ్వకూడదు. కడుపుని కాస్త గౌరవంగా గర్భమని మార్చాడు. ఆమె గర్భంలో ఉగాదికి ఒకటి జన్మించిందని గంభీరంగా ఇంగ్లీషులో చెప్పేశాడు.

డాక్టరమ్మ ముఖం వికసించింది. ఆడపిల్లా, మగపిల్లాడా, బిడ్డ పాలు తాగుతోందా అని అడిగింది.

తను అన్నదేమిటో కృపారావుకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నేను పొరపాటు చెప్పానండీ అంటే అయిపోయేది. కానీ బెంచీ మీద జగన్నాథరావు ఉన్నాడు, ఎదురుగా పిల్లలున్నారు. అడిగిందే అడిగేస్తే పోలా, ఆవిడే కాదంటుంది, దాంతో సర్దుకుంటుంది అనుకున్నాడు.

"ఆడపిల్లా, మగపిల్లాడా అని అడుగుతున్నారమ్మా. బిడ్డ పాలు తాగుతోందా అని."

వరసలో ఉన్న ఆడవాళ్ళు మెడలు చాచారు. పున్నమ్మ కాసేపు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక ముఖంలో నెత్తురు చుక్క లేదు. రత్తయ్య వైపు కూడా చూడకుండా డేరాలోంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది.

ఎందుకు వెళ్ళిపోయిందని డాక్టరమ్మ అడిగింది.

సిగ్గుపడిందని చెప్పి, కృపారావు తర్వాతి మనిషిని పిలిచాడు.

సాయంత్రం నందిగామ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చిల్లకల్లులో ఎక్కిన ఇద్దరు ఆడవాళ్ళది వెనక సీట్లో అదే మాట.

"దొరసాని చూడంగానే చెప్పేసిందంట, బిడ్డ పుట్టిందని."

"ఊరుకోవే, మొగుడు పోయి రెండేళ్ళాయె."

"అదేగా నే చెప్పేది. డాక్టరు అబద్ధమాడుద్దా?"

వెనక్కి తిరిగి ఒక్క మాట చెప్పవలసింది. నందిగామ వచ్చేదాకా కృపారావు తల కిందికే వేసుకున్నాడు.

ఇంట్లో భార్య ఆరోగ్యమ్మ అన్నం వడ్డిస్తూ, దొరసాని మెచ్చుకుందా అని అడిగింది. అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి జరిగిందంతా చెప్పాడు.

"బిడ్డ సంగతి సరేనండీ," అంది ఆరోగ్యమ్మ. "ఆవిడ గడ్డ ఎవరు చూశారు?"

ఆ సంగతి అతనికి తట్టనేలేదు. అప్పటిదాకా తన పరువు గురించీ, ఆవిడ పరువు గురించీ కుమిలాడు గానీ, జబ్బు మనిషిని వైద్యం లేకుండా వెళ్ళగొట్టానని అనుకోలేదు.

తెల్లారగానే కోటు లేకుండా బయల్దేరి చిల్లకల్లులో దిగాడు. రత్తయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"ఇంకా ఏం చెబుదామని వచ్చారు మేస్టారూ? మా వదినె రాత్రి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలా."

"తప్పంతా నాదే రత్తయ్యగారూ. ఆ తల్లి గడ్డ అంటే నాకు ఇంగ్లీషు రాక బిడ్డ పుట్టిందన్నట్టు చెప్పా. డాక్టరమ్మకి ఏ పాపమూ తెలీదు."

తలుపు వెనకనుంచి పున్నమ్మ గొంతు వినిపించింది.

"ఆ మాట ఇక్కడ చెప్తే ఏం లాభమండీ? విన్నోళ్ళు అక్కడున్నారు. అక్కడ చెప్పండి."

తన క్లాసు పిల్లలు, హెడ్మాస్టరు, పెద్దలు అందరూ కృపారావు కళ్ళ ముందు కదిలారు. ఇక్కడే ఇరుగుపొరుగుని పిలిచి చెబుతాననీ, దండోరా వేయిస్తాననీ అనబోయాడు. అనలేకపోయాడు.

"రండమ్మా," అన్నాడు.

కాంపుకి అది ఆఖరి రోజు. డేరా కిటకిటలాడుతోంది. కృపారావు కుర్చీలో కూర్చోలేదు. డాక్టరమ్మ ముందు నిలబడి, నిన్న నేను తప్పు చెప్పాను, ఈవిడకి బిడ్డ పుట్టలేదు, కడుపులో గట్టిగా ఏదో పెరుగుతోంది, దాన్ని ఏమంటారో నాకు తెలియదు అని చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. తర్వాత వరస వైపు తిరిగాడు.

"నిన్న ఈ తల్లి గడ్డ పుట్టిందని చెప్పింది. నాకు ఇంగ్లీషు చాలక దాన్ని బిడ్డని చేశా. తెలిసీ దిద్దుకోలా. మీరెవరన్నా ఇంకోలా విని ఉంటే అది నా నోటి తప్పే."

ఎవరో కిసుక్కున నవ్వారు. నీళ్ళ కుండ దగ్గర పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. జగన్నాథరావు మొహం పక్కకి తిప్పుకున్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. పున్నమ్మ చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక ఆ కుర్చీ చూపించి, జగన్నాథరావుని కూర్చోమంది. కృపారావు డేరా బయట ఎండలో నిలబడి, పున్నమ్మని బెజవాడ పెద్దాసుపత్రికి పంపుతున్నారని రత్తయ్య చెప్పేదాకా ఉండి, ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆపరేషను అయింది. ఆవిడ బతికింది. ఊళ్ళో చాలామంది అది గడ్డేనని నమ్మారు. కొందరు మాత్రం "గడ్డో, బిడ్డో" అని నవ్వుకోవడం మానలేదు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కృపారావు ఎక్కడున్నా లేచి వెళ్ళిపోయేవాడు.

అయిదారేళ్ళ తర్వాత నందిగామ సంతలో పున్నమ్మ ఎదురైంది. చిక్కిన మనిషి కాస్త ఒళ్ళు చేసింది. అతను తప్పుకుని పోబోతుంటే ఆవిడే ఆగింది.

"బాగున్నారా మేస్టారూ?"

"ఆ... బాగున్నామమ్మా."

"గడ్డ మళ్ళీ రాలేదండి."

"సంతోషమమ్మా," అన్నాడు. ఆవిడ మొహంలోకి చూసి అనాలనుకున్నాడు గానీ, చూపు ఆవిడ బుట్టలోని పచ్చిమిరపకాయల దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఒక నిమిషం నిలబడి, వెళ్ళొస్తానండీ అని చెప్పి జనంలో కలిసిపోయింది.