మొఖం చెల్లనోడు

పొద్దున్నే జయపాల్ గడ్డం గీసుకునెటందుకు అద్దం ముందట నిలవడితె, పని తొందరగనే అయిపోతుండె. గీసెటందుకు పెద్దగ ఏం మిగల్లే. రెండు చెంపలు నున్నగై రెండు నెల్లాయె. మీసం దసరాకే పోయింది. ముక్కు, అరిగిన రూపాయి బిళ్ల మీది బొమ్మ లెక్క, ఉన్నదంటె ఉన్నది, లేదంటె లేదు. కటింగ్ షాపుకు పోయిననాడు రవీందర్ సగం పైసలే తీసుకునేటోడు.

పాలకుర్తిల దీన్ని ఎవరూ వింతగ చూడలే. "కనుబొమ్మలు గూడ పోయినయా జయపాలూ?" అని, చిక్కిపోయినోన్ని అడిగినట్టు అడిగి ఎవరి తొవ్వన వాళ్లు పోయేది. అప్పిచ్చినోడు ఎదురొస్తె మొఖం తప్పిచ్చుకొని సందులకు మళ్లేటోనికి మొఖం అరుగుతదని అందరికీ ఎరుకే.

జయపాల్‌ది టెంట్ హౌస్. పదిహేనేండ్లు ఊర్ల పెండ్లయినా, దినమైనా జనం ఆయన కుర్చీలల్లనే కూసున్నరు. తర్వాత ఫంక్షన్ హాళ్లు లేసినయి. వాటితోని పోటీ పడాలని లైట్ల గేట్లు, డీజే డబ్బాలు, పెండ్లికొడుకు సోఫాలు అప్పు తెచ్చి కొన్నడు. ఒక అప్పు మిత్తి కట్టెటందుకు ఇంకో అప్పు చేసిండు. లెక్క ఇరవై రెండు లక్షల కాడ ఆగింది. ఆయన ఆపితె ఆగలే, ఇంకెవరూ ఇయ్యక ఆగింది.

అప్పిచ్చినోళ్లల్ల బియ్యం దుకాణం రాజమౌళి ఉన్నడు, చిట్టీలోళ్లు ఉన్నరు, గట్టమ్మ సుత ఉన్నది. గట్టమ్మ పెండ్లిళ్లకు వండే ముసలామె. పదిహేనేండ్లు జయపాల్ బగోన్లల్లనే వండింది. ఇంటి మీద రేకులు మార్చుకుందామని దాసుకున్న లక్షా నలభై వేలు పాత చీరల చుట్టి తెచ్చి ఇచ్చింది. కాయితం అడగలే. "నీ మొఖం చూసి ఇస్తున్న కొడుకా" అన్నది.

జనగామల వకీలు గణపతి ఒక్కటే మాట చెప్పిండు. "ఐపీ పెట్టు. నాతోని కాదని కోర్టుల ఒప్పుకునుడే. ఉన్నదేందో కోర్టు అందరికి పంచుతది. అప్పులోళ్ల పేర్లన్ని రాయి, ఒక్కటి సుత ఇడువొద్దు."

జయపాల్ ఇరవై ఆరు పేర్లు రాసిండు. గట్టమ్మ పేరు ఆఖరుకు రాసిండు. సంతకం పెట్టేసరికి పెదవులు సుత పలచవడి ఒక గీత మిగిలింది. వకీలు తలెత్తి చూసి, "ఫోటో పాతదే అంటిద్దాం తియ్" అన్నడు.

నోటీసులు ఊరికి చేరే వారం, జయపాల్ హైదరాబాద్ పోవాలని నిశ్చయం చేసుకున్నడు. మొఖం లేనోనికి ఏ గోదాంలనో వాచ్‌మెన్ పని దొరకకపోదు. ఎవరూ గుర్తువట్టరు. జనగామల కోర్టు పేషీ ఉన్నదని ఇంట్ల చెప్పిండు. పెండ్లాం విజయ కుట్టు మిషన్ మీద నుంచి తల ఎత్తలే.

"పేషీకి లుంగీలు ఎందుకు?" అని మాత్రం అన్నది.

ఆయన సంచి పట్టుకొని బయటికొచ్చిండు.

బస్టాండుల రాజమౌళి పక్కకే వొచ్చి నిలవడ్డడు. జయపాల్ మళ్లెటందుకు సందు కోసం చూసిండు. రాజమౌళి ఆ నున్నటి మొఖం దిక్కు చూసి, "అన్నా, అగ్గిపెట్టె ఉన్నదా?" అన్నడు. లేదని తల ఊపితె అవుతలికి పోయిండు. రెండేండ్ల తర్వాత జయపాల్‌కు గుండె తేలికైంది. తేలికైనందుకు ఆయనకే సిగ్గనిపిచ్చింది.

గప్పుడే గట్టమ్మ వొచ్చింది. చేతుల గోధుమ రంగు కవరున్నది.

"అయ్యా, జర గిది సదివి చెప్పవా? పోస్టాయన ఏలుముద్ర తీసుకొని ఇచ్చిపోయిండు. రేకులకు సర్కారు పైసలు గిట్ల వొచ్చినయేమోనని పానం కొట్టుకుంటున్నది."

కవరు చింపితె లోపల ఆయన పేరే ఉన్నది. పింఛన్ కాయితమని చెప్తె అయిపోయేది. హైదరాబాద్ బస్సు రానే వొచ్చింది, జనం ఎక్కుతున్నరు. గట్టమ్మ చెవు దగ్గర పెట్టి నిలవడ్డది. ఆమె కొంగు పొగ వాసన కొడుతున్నది.

"టెంట్ హౌస్ జయపాల్ ఇరవై ఆరు మంది అప్పులు కట్టలేనని కోర్టుల రాసిచ్చిండు," అని మెల్లగ సదివిండు. "గట్టమ్మకు లక్షా నలభై వేలు బాకీ ఉన్నదని ఒప్పుకున్నడు. అది ఇచ్చే శక్తి తనకు లేదన్నడు."

ముసలామె కాయితం దిక్కు గాదు, ఆయన నోటి దిక్కు చూసింది.

"వాని గొంతుతోని నువ్వెందుకు మాట్లాడుతున్నవ్?" అని అడిగింది.

జయపాల్ బస్సు దిక్కు చూసిండు. పది అడుగులు.

"నేనే గట్టవ్వా."

ఆమె చెయ్యి లేసింది. బగోన్లల్ల గంటె తిప్పిన చెయ్యి. బస్టాండంత వినవడేటట్టు చెంప మీద పడ్డది. పడ్డ కాడ చెంప లేసింది, అయిదు వేళ్ల అచ్చులతోని ఎర్రగ, చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడ్డ గాటుతోని సహా.

"అరె, జయపాలే గదరా!" అన్నరెవరో. రాజమౌళి ఉరికొచ్చి కాలర్ పట్టిండు. కండక్టర్ రెండుసార్లు పిలిచి చూసి, రైట్ చెప్పిండు. బస్సు పోయింది.

"ఇడువు రాజమౌళీ. వాన్ని పిసికితె ఏమొస్తది?" అన్నది గట్టమ్మ. కండ్లల్ల నీళ్లు కారుతున్నా గొంతు గట్టిగనే ఉన్నది. "వీని చినిగిన షామియానాలు ఇరవై ఆరు మందికి ఏడ సరిపోతయి? ఒరేయ్, ఎల్లుండి కొడకండ్లల పెండ్లి వంట ఉన్నది. నాకు జబ్బలు నొస్తున్నయి. పొద్దుగాల్నే రా. కూలి నీ చేతికియ్య, నా రేకుల కింద జమ. నీ మీద దయ అనుకోకు."

కొడకండ్లల పెండ్లి ఫంక్షన్ హాల్లనే. జయపాల్ తువ్వాల మొఖానికి చుట్టుకుంటె గట్టమ్మ గుంజి పారేసింది. పొద్దంత కట్టెలు పెట్టిండు, గంటె తిప్పిండు, బంతి కూసునే యాళ్లకు పప్పు బకెట్ పట్టుకొని నడుమల నిలవడ్డడు. మూడో విస్తరి ముందట రాజమౌళి.

"ఇరవై ఆరుమందిని ముంచినోడు గీడే" అన్నడు రాజమౌళి, వరసంత వినవడేటట్టు.

తినేటోళ్ల చేతులు ఆగినయి. ఆడోళ్ల వరసల నుంచి సుత తలలు ఇటు తిరిగినయి. జయపాల్ గంటెల పప్పు విస్తరి అంచు మీద చింది పడ్డది. వంటింటి తలుపు నాలుగడుగుల దూరంల తెరిచే ఉన్నది. భూమి పగిలితె బాగుండనిపిచ్చింది. పగల్లే.

"అవునన్నా," అన్నడు. "నేనే."

రాజమౌళి ఆయన దిక్కు కొంచెంసేపు చూసి, అన్నంల గుంట చేసిండు.

"ముక్కొచ్చిందిరా నీకు. పొయ్యి పప్పు."

జయపాల్ తడిమి చూసుకోలే. రెండు చేతులతోని బకెట్ పట్టుకొని పక్క విస్తరి కాడికి జరిగిండు. దాని ముందట కూసున్నాయనకు నలభై వేలు బాకీ.