ఆడ ఎలుకల సంగతి

"ఆ ఎలుకల మింద ఉండే శ్రద్ధలో పావొంతు ఇంటి మింద పెట్టినా బాగుండు," అంది అత్త ఓబులమ్మ రొట్టె తుంచుకుంటూ. ఆ జొన్నరొట్టెలు జయంతి పొద్దున్నే లేచి తట్టినవే. తట్టి, చట్నీ నూరి, మొగుడు మల్లికార్జున చొక్కా ఇస్త్రీ చేసి, ఇప్పుడు చెప్పులేసుకుంటోంది.

"ఆదివారం గూడా యాడికి?" పేపర్లోంచి తలెత్తకుండా అడిగాడు మల్లికార్జున. ఎలుకల ఆకలికి ఆదివారముంటుందా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి బయటపడింది.

వరసగా కరువు. వేరుశనగ ఎండిపోయి వంటనూనె ధర ముట్టుకుంటే కాలేటట్టుంది. బూరుగు గింజల నూనె తినడానికి పనికొస్తుందా అన్నది అనంతపురం కాలేజీలో జయంతి చేస్తున్న పరిశోధన. మామూలు నూనెల్లో లేని వింత కొవ్వు ఆమ్లమొకటి అందులో ఉంది. అది ఒంట్లో చేరితే, గట్టి కొవ్వును మెత్తగా మార్చుకునే పని కుంటుపడుతుంది. బాగా శుద్ధి చేసిన నూనె తిన్న ఎలుకలు నిక్షేపంగా ఉన్నాయి. పచ్చి నూనె తిన్నవాటిలో మగవి కాస్త చిక్కినా తట్టుకున్నాయి. ఆడవాటికే కడుపు నిలవలేదు. నిలిచినా, పిల్లలు పాలు తాగకుండానే పోయాయి. వేలెడంత లేని ఆ పిల్లల్ని బోనులోంచి తీస్తుంటే, తనకు రెండోసారి కడుపు పోయిన రోజు ఓబులమ్మ అన్న మాట గుర్తొచ్చింది. "ఆడదానికి ఇవన్నీ మామూలేమ్మే. లెయ్, కొళాయి వచ్చింది, నీళ్లు పట్టు."

గైడు హనుమంతరాయుడు సారుకు మాత్రం సెమినార్ గుర్తొచ్చింది. దాన్ని జరిపిస్తున్నది ఒక నూనె మిల్లు. శుద్ధి ఖర్చు లేకుండా పచ్చి నూనెనే డబ్బాల్లో పోసి అమ్మాలని వాళ్ల ఆశ. "మగవాటి వరకు చెప్తే చాలమ్మా. ఆడవాటి ఒంట్లో నూటొక్క మార్పులుంటాయి. అవన్నీ కలిపితే గందరగోళం," అన్నాడు సారు.

మొగుడితో చెప్పుకుంది. "పట్టా చేతికొచ్చేదాకా నోరు మూసుకుంటే నీకేం పోతుంది?" అన్నాడతను. రెండుసార్లు ఆటోలో ఒక్కతే ఆసుపత్రికి పోయిన మనిషికి ఏం పోయిందో అతనికి ఏ భాషలో చెప్పాలో ఆమెకు తెలియలేదు.

సెమినార్లో సారు మాట్లాడాడు. జయంతి స్లైడ్లు మార్చింది. "కాబట్టి ఈ నూనెతో భయమేమీ లేదు," అని చప్పట్ల మధ్య కూర్చుంటూ, "టీలు పంపించమ్మా," అన్నాడు ఆమెతో. జయంతి మైకు దగ్గరికి నడిచింది.

"సార్ చెప్పింది మగ ఎలుకల సంగతి. ఆడవీ అదే నూనె తిన్నాయి. వాటి సంగతి నేను చెప్తాను."

చెప్పింది. మిల్లు యజమాని మధ్యలోనే లేచిపోయాడు. వేరే గైడును చూసుకోమన్నాడు సారు, ఆమె మొహం చూడకుండానే.

ఆమె ఇల్లు చేరేసరికే ఎవరో ఫోన్ చేసి మల్లికార్జునకు చెప్పేశారు. "ఇన్నేండ్ల కష్టం మన్నులో కలిపినావు కదే! ఎలుక పిల్లలు సచ్చిపోతే నీకేమే?" అని అరిచి లోపలికి పోయాడు. జయంతి వసారాలో కూలబడింది. బియ్యం చెరుగుతున్న ఓబులమ్మ చేట పక్కన పెట్టింది.

"అమ్మే," అంది మెల్లగా, "వీడికి ముందు నాకు ముగ్గురు పోయినారు. ఎందుకు పోయినారో ఎవురూ చెప్పల్యా. ఆ ఎలుకలకు ఎందుకు పోయినాయో నీకు తెల్సునా?"

లోపల్నించి మల్లికార్జున కాఫీ అని కేకేశాడు. జయంతి లేవలేదు. అత్త దగ్గరికి జరిగి, ఆ ఎలుకల సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.