నామినీ పేరు

మార్కాపురంలో పలకల గోడౌను పైనున్న గదిలో కూర్చుని షాహీన్ రోజంతా ఫోన్లో బీమా పాలసీలు అమ్మేది. మధ్యలో ఏజెంటు ఉండడు. కంపెనీయే నేరుగా మనిషికి ఫోన్ చేస్తుంది, మాట రికార్డవుతుంది, కాగితం పోస్టులో వెళ్తుంది. చాలామంది మొదటి మాటకే ఫోన్ పెట్టేస్తారు. పెట్టెయ్యని వాళ్ల వెనక వినిపించే చప్పుళ్లంటే ఆమెకు ఇష్టం. ఎక్కడో కుట్టుమిషను, ఎక్కడో బస్సు హారను, పాలు పొంగుతున్నాయని ఎవరో వేసిన కేక. కళ్లు మూసుకుంటే చెప్పులు విడిచి ఆ ఇళ్లలోకి అడుగు పెట్టినట్టే ఉండేది.

ఆ మధ్యాహ్నం వినిపించింది గాలి. గాలిలో గొర్రెల మెడగంటలు.

"వెంకటస్వామి గారేనా సార్?"

"సార్ ఏందమ్మా, మామా అను. బేస్తవారిపేట కాడ గుట్ట మీదున్నా. చెప్పు."

ప్రమాద బీమా గురించి చెప్పింది. ఏటా కట్టేదాన్ని ప్రీమియం అంటారనీ, ప్రమాదంలో ప్రాణం పోతే కంపెనీ డబ్బిస్తుందనీ, జబ్బుతో పోతే మాత్రం ఇందులో ఏమీ రాదనీ వివరంగా చెప్పింది. అతను తొందరపడకుండా విన్నాడు.

"పోయినేడు ఈడనే జారి పడినా. పొద్దు వాలిందాకా ఎవరూ రాలేదు. గొర్రెలే చుట్టూ నిలబడినాయి. రాసుకో."

"నామినీ ఎవరు మామా?"

"అంటే ఏంది?"

"మీకేమన్నా అయితే డబ్బు ఎవరి చేతికి పోవాలో, వాళ్ల పేరు."

అతను దారి తప్పిన గొర్రెనొకదాన్ని అదిలించి మళ్లీ మొదలుపెట్టాడు. భార్య పోయి చాన్నాళ్లయింది, పిల్లలు లేరు. ఇక మిగిలింది అక్క మాలకొండమ్మ. గుట్టకు అవతలి ఊరే, కానీ పదకొండేళ్లుగా మాటల్లేవు. అతని మంద ఆమె కందిచేలో పడితే చేలో పడిన పశువులను కట్టిపెట్టే బందెలదొడ్డికి గొర్రెలను తోలించింది. ఆ దొడ్లో కడుపుతో ఉన్నవి రెండు చచ్చిపోయాయి. అవన్నీ అతను గాలికి చెప్పుకున్నట్టు చెప్పాడు.

"అక్క పేరే రాసుకో."

"ఆమె పుట్టిన తేదీ కావాలి మామా."

"నాకెట్ల తెలుస్తది?"

"కనుక్కోండి. మళ్లీ చేస్తా."

ఆ రెండు రోజులూ షాహీన్ పనిలో ఉన్నా మనసు గుట్ట మీదే ఉంది. మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చితే కలలో ఎండిన బోదగడ్డి, తెల్లటి బాట, ఆ బాట మీద ఎంత నడిచినా ఊరు చేరని మనిషి. ఆమె తన కాళ్లకే నొప్పి పుట్టినట్టు ఉలిక్కిపడి లేచేది.

మూడో రోజు అతనే చేశాడు.

"అక్క ఇంటికి పోయినా. గడప బయట నిలబడి ఆధార్ కార్డు అడిగినా. ఎందుకని అడగలేదు. తెచ్చిచ్చింది. చెంబుతో నీళ్లు కూడా ఇచ్చింది." తర్వాత కూడబలుక్కుంటూ తేదీ చదివాడు.

పాలసీ కాగితం పోస్టులో వెళ్లిపోయింది. పది రోజులకు ఆ కాగితం మీదున్న నంబరుకు ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. షాహీనే ఎత్తింది.

"నేను మాలకొండమ్మను. మా తమ్ముడు ఏదో కాగితం నా కాడ పెట్టి పోయినాడు. వాడు పోతే నాకు డబ్బొస్తదంట. నేనేం చేసుకోను అది? ఆ కాగితం రద్దు చెయ్."

పాలసీ రద్దయితే ఈ నెల షాహీన్ లెక్కలో ఒకటి తగ్గుతుంది. ఆ మాట, స్పీకర్లో వింటున్న ఎదురు బల్ల తోటి ఉద్యోగి ఎబినేజర్ కళ్లతోనే గుర్తు చేశాడు. ఆమె తల తిప్పుకుంది.

"కాగితం అందినాక ముప్పై రోజుల్లోపల వద్దనుకుంటే తిరిగి ఇయ్యొచ్చు అత్తా. ఫ్రీ లుక్ అంటారు. కొంచెం ఖర్చు పట్టుకుని మిగతాది ఇస్తారు. కానీ వద్దని మామే చెప్పాల."

అవతల కాగితం మడత విప్పిన చప్పుడైంది.

"అందులో నన్ను ఏమని రాపించినాడు?"

షాహీన్ స్క్రీను మీద వెతికి చదివింది. "నామినీ పేరు మాలకొండమ్మ. సంబంధం, అక్క."

"ఇంకోసారి చదువు పాపా."

షాహీన్ నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి చదివింది.

"ఉండనీలే," అంది మాలకొండమ్మ. "కాగితం పెట్టిపోయేటప్పుడు వాణ్ని ఆదివారం అన్నానికి రమ్మన్నా. వస్తానని చెప్పినాడు. ఏం తింటాడో కూడా మరిచిపోయినా."

ఫోన్ పెట్టేశాక షాహీన్ తర్వాతి నంబరు నొక్కలేదు. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి జరిగి, ఆమె చేతుల మీద కాసేపు కూర్చుంది.