దేవుడి డబ్బాలో బియ్యం

రేపల్లెలో దేవకుమారి వాళ్ల క్రైస్తవ సంఘానికి ఒక అలవాటుంది. ప్రతి ఇల్లాలూ అన్నం వండబోయే ముందు, ఎసట్లోకి తీసిన బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాలన్నీ మందిరంలో ఒకే సంచిలో కుమ్మరిస్తారు. గడవని ఇంటికి ఆ సంచి వెళ్తుంది.

దేవకుమారి డబ్బా అందరికంటే పెద్దది. కాకపోతే ఆవిడ పద్ధతి వేరు. ఇంట్లో వండేది పాత సన్నబియ్యం. దేవుడి డబ్బాలోకి వెళ్లేది మాత్రం రేషన్ కార్డు మీద తెచ్చి, వంటింటి మూలన పడేసి, ముక్కిపోయిన బియ్యం. రోజూ పిడికెడు తీసే ఓపిక ఎవరికుందని శనివారం సాయంత్రం ఒక్కసారే నింపేసేది. అందరికంటే ఎక్కువే ఇస్తున్నాను కదా అనుకునేది. మనసుకు సర్దిచెప్పడంలో ఆవిడను మించినవాళ్లు లేరు.

ఆ వేసవిలో సంచి సరోజ ఇంటికి వెళ్లింది. ఆమె భర్త మనోజ్ బాపట్లలో తాపీ పనికి వెళ్లి, పరంజా మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తెనాలి ఆసుపత్రిలో కట్టు కట్టించుకొచ్చి మంచాన పడ్డాడు. దేవకుమారి మందిరంలో లేచి వాళ్ల కోసం కన్నీళ్లతో ప్రార్థన చేసింది. ఆ కన్నీళ్లు నిజమైనవే. బియ్యం సంగతే, పాపం, ఆవిడకు గుర్తు రాలేదు.

వానలు పడేసరికి మనోజ్ లేచి నడిచాడు. సరోజ కృతజ్ఞత కూడిక పెట్టి, అందరినీ భోజనానికి కూర్చోబెట్టింది. గోంగూర పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే దేవకుమారికి తన వంటింటి మూల వాసన తగిలింది. తెల్లటి మెతుకుల మధ్య పచ్చబడ్డ లావు మెతుకులు. నమలడం ఆపేసింది. చుట్టూ అందరి చేతులూ నెమ్మదించాయి.

సరోజ సిగ్గుతో సగమైపోయింది. "ఏమీ అనుకోకండి. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. నేనే మూత సరిగ్గా పెట్టలేదు కాబోలు, మీరంతా ప్రేమగా ఇచ్చినవి పాడుచేశాను. మేం నూకలు తిని, మంచి గింజలు ఏరి ఈ రోజుకని దాచామండి."

"వానల్లో ఎవరింట్లోనైనా అంతేలేమ్మా" అన్నారు పాస్టరుగారు. మాట అక్కడితో సరిపోయింది. దేవకుమారి నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. కానీ చెయ్యని తప్పుకు తల దించుకుని నిలబడ్డ ఆ పిల్లను చూస్తే ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీ తప్పు కాదు సరోజా. అవి నేనిచ్చినవే. ముక్కిపోయాయని తెలిసే ఇచ్చా. మేం తినలేక ఇచ్చా."

సరోజ ముఖం ఎర్రబడింది. గరిటె పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, పళ్లెం పట్టుకుని వచ్చి దేవకుమారి పక్కనే కూర్చుంది.

"బాధగానే ఉందక్కా, అబద్ధం ఎందుకు చెప్పాలి? రేపు మధ్యాహ్నం నేనూ మా ఆయనా మీ ఇంటికి భోజనానికి వస్తాం. మీరు తినేదే మాకూ పెట్టండి."

దేవకుమారి తలూపింది. సరోజను ఇన్నేళ్లలో ఒక్కసారైనా గడప లోపలికి రమ్మనలేదని ఆవిడకు అప్పుడు తట్టింది. ఏడుస్తూనే పళ్లెంలో అన్నమంతా తినేసింది.