ఎడమ పక్క గాజుతొట్టి

సరోజినీదేవికి లోకంలో ఎడమవైపు అనేది లేకుండా పోయింది. కన్ను పోలేదు, చెవి పోలేదు. మెదడులో కుడిపక్క రక్తం గడ్డకడితే కొందరికి అలా అవుతుందని డాక్టరు చెప్పాడు. ఎడమచెయ్యి కాస్త బలహీనపడింది, అది సరే, మందులతో కుదురుకుంటోంది. అసలు చిక్కు అది కాదు. ఎడమ పక్కన ఎవరు నిలబడి ఎంత మాట్లాడినా ఆమెకు అక్కడ ఎవరూ లేనట్టే. పళ్ళెంలో కుడి సగం ఊడ్చినట్టు తినేసి, "కూర వెయ్యలేదేమే?" అని కోడలి మీద కేకలేసేది. కోడలు పద్మశ్రీ పళ్ళెం ఇటుదటు తిప్పి పెట్టేది. కూర ప్రత్యక్షమయ్యేది. "ఇప్పుడా వేసేది" అని సణుగుతూ అదీ తినేది.

బళ్లారి గాంధీనగర్‌లో ఆ ఇంటికి ఇన్నాళ్ళూ ఆమె మాటే శాసనం. కొడుకు మోహన్‌కృష్ణ టిప్పర్లు తిప్పుతాడన్న మాటే గానీ, డ్రైవర్లను వాకిట్లో నిలబెట్టి కడిగి ఆరేసేది ఆమే. కోడలిని కూడా తక్కువేం తిట్టలేదు. సిరుగుప్ప దగ్గర వరి పండించుకునే కోస్తావాళ్ళ క్యాంపు నుంచి వచ్చిన పిల్ల కదా, పద్మశ్రీ ఏం మాట్లాడినా "మీ క్యాంపోళ్ళ సాగదీసే మాటలు" అని వెక్కిరించేది. అలాంటి మనిషి ఇప్పుడు కుర్చీలో కూర్చుని, ఎడమ పక్కన నిలబడిన కోడలిని గాలిని చూసినట్టు కూడా చూడదు. తిట్టు పడినా బాగుండునని పద్మశ్రీకి అనిపించేది.

పొద్దున్నే వచ్చి కసరత్తులు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి హిమజ ఒక ఉపాయం చెప్పింది. "ఆమెకు చూడబుద్ధయ్యేది, కదిలేది ఏదన్నా ఎడమ పక్క పెట్టండక్కా. మెడ దానంతట అదే తిరగాల. మనం పట్టుకొని తిప్పితే లాభంల్యా. ఈ మొదటి నెలల్లో ఎంత వస్తే అంత. ఆమ్యాక కష్టం."

తర్వాత కష్టమన్న ఆ మాట పద్మశ్రీ గుండెల్లో ముల్లులా దిగింది. అప్పటినుంచి క్యాలెండరు వైపు చూడాలంటేనే భయం.

మొదట టీవీ పెట్టి చూశారు. ఆమె సగం టీవీ చూసింది. తర్వాత మోహన్‌కృష్ణ గాజుతొట్టి, అందులోకి రంగురంగుల గప్పీ చేపలు తెచ్చాడు. కుర్చీకి ఎదురుగా మొదలై ఎడమవైపుకు సాగేలా దాన్ని బల్లమీద అమర్చారు. తొట్టిలో బతికున్న మొక్కలుంటే నీళ్ళు బాగుంటాయని అంగడివాడు చెప్పాడట. అది విని పద్మశ్రీ తండ్రి వెంకటకృష్ణయ్యకు ఒళ్ళు మండింది. "కాలవ నిండా ఉన్న గడ్డిని అంగట్లో కొంటారా ఎవరైనా?" అంటూ తడి గోనెసంచీలో కాలవ మొక్కలు చుట్టి బస్సెక్కి తెచ్చిచ్చి పోయాడు.

మొక్కలు నాటిన కొన్నాళ్ళకే ఆ ఇంట్లో పండగైంది. సరోజినీదేవి మెడ తొట్టి వైపు తిరిగింది. రోజురోజుకూ ఇంకాస్త, ఇంకాస్త. ఒక పొద్దున గడ్డం భుజం వైపుకు వాలేదాకా తిరిగితే హిమజ చప్పట్లు కొట్టింది. పద్మశ్రీ పట్టరాని సంతోషంతో ఆ పూట గప్పీలకు రెండింతలు మేత వేసింది. ఆ చేపలు ఆమెకు చేపల్లా కాదు, ఇంటికొచ్చిన దేవుళ్ళలా కనిపించాయి.

కానీ కాలవ మొక్కలు ఒంటరిగా రాలేదు. ఆకుల వెనక అంటుకుని నత్త గుడ్లు కూడా వచ్చాయి. ముందు గాజుమీద ఒకటీ అరా చిన్న నత్తలు, తర్వాత ఎక్కడ చూసినా అవే.

వేరెవరైనా అయితే పోనీలే అని ఊరుకునేవారేమో. పద్మశ్రీ నారుమళ్ళ మధ్య పెరిగింది. ఆమెకు నత్త అంటే లేత నారును మొదలంటా కొరికేసే నోరు. చిన్నప్పుడు తండ్రి బుట్ట పట్టుకుని మడిలో దిగి ఒక్కొక్క నత్తనూ ఏరి గట్టుమీద నలిపేవాడు. తొట్టిలో నత్త కనబడినప్పుడల్లా ఆమె వేళ్ళు వాటంతటవే ముందుకు పోయేవి. నత్తలు ఆకులు తింటాయి, ఆకులు కుళ్ళుతాయి, నీళ్ళు చెడతాయి, చేపలు చస్తాయి, చేపలు చస్తే అత్తయ్య మెడ ఆగిపోతుంది. ఒక ఆకుకు చిల్లి కనబడితే చాలు, ఆమె ఆలోచన ఒక్క ఉరుకులో అక్కడిదాకా పోయేది. నిజానికి ఆ చిల్లి పండిపోయిన ఆకుకే పడింది. అది చూసే ఓపిక ఆమెకు లేదు.

ఏరింది. దోసకాయ ముక్క వేసి, దానికి పట్టిన నత్తలను ముక్కతో సహా తీసి పారేసింది. తీసినకొద్దీ పుట్టుకొచ్చాయి.

ఒక ఆదివారం తారానగర్ నుంచి ఆడపడుచు సౌందర్య తల్లిని చూడ్డానికి వచ్చింది. తల్లికంటే ముందు తొట్టి కనబడింది ఆమెకు.

"ఏంది పద్మా ఈ గలీజు? అమ్మ కండ్ల ముందర పురుగులు పెట్టినావే!"

పద్మశ్రీకి తల తీసేసినట్టయింది. వదినగారు గేటు దాటిందో లేదో తండ్రికి ఫోన్ చేసింది.

"మైలుతుత్తం చల్లమ్మా," అన్నాడు వెంకటకృష్ణయ్య తడుముకోకుండా. "వరిమళ్ళో మనం చేసేది అదేగా. తెల్లారేసరికి ఒక్కటీ ఉండదు."

అదృష్టం బాగుండి చల్లేముందు అంగడికి పోయి అడిగింది. అంగడి జగదీశ్ నెత్తి బాదుకున్నాడు.

"మైలుతుత్తమా! అమ్మా, నత్తలతో పాటు చేపలూ తేలిపోతాయి. మీరు మేత జాస్తి వేస్తాండారు, అందుకే పెరిగినాయి. మేత తగ్గించండి. సొల్ప దినాలు ఓర్చుకోండి, అవే తగ్గుతాయి."

"తగ్గేదాకా ఆగే తీరిక మాకు లేదండీ."

జగదీశ్ ఆమె ముఖం చూసి, వెనక తొట్టిలోంచి మీసాలున్న చారల చేపలను రెండింటిని పట్టి సంచిలో వేశాడు. "లోచ్ అంటారు. నత్తను గుల్లలోంచి పీక్కొని తింటాది. నత్త ఉన్నంతసేపు దానికి వేరే పని ఉండదు."

పద్మశ్రీకి చప్పున బాతులు గుర్తొచ్చాయి. కోతలయ్యాక నెల్లూరు వైపు నుంచి బాతుల మందలు క్యాంపు పొలాల్లో దిగేవి. అవి పోయాక మడిలో నత్త అన్నదే కనబడేది కాదు. ఆ సంచిని పురిటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకుంది.

లోచ్‌లు బాతులను మించిపోయాయి. ఇంట్లో సందడి ఉన్నంతసేపూ రాయి చాటున నక్కి, సద్దుమణిగాక బయటికొచ్చి మూతి నేలకానించి వెతికేవి. గులకరాళ్ళ మీద ఖాళీ గుల్లలు పోగుపడ్డాయి. గాజు తళతళలాడింది. పద్మశ్రీ ఫోటో తీసి సౌందర్యకు పంపించి, చాలాకాలానికి కడుపునిండా అన్నం తింది.

సరిగ్గా అప్పుడే సరోజినీదేవి మెడ వెనక్కి పోవడం మొదలుపెట్టింది.

మొదటిరోజు నిద్ర చాల్లేదేమో అనుకున్నారు. తర్వాత జలుబేమో అనుకున్నారు. భుజందాకా వాలిన గడ్డం ముక్కుసూటిగా వచ్చింది, అక్కణ్ణుంచి కుడిగోడ వైపుకు పోయింది. గోడమీద చూడ్డానికి ఏమీ లేదు, సున్నం తప్ప. ఆమె దాన్నే చూస్తూ కూర్చునేది. పళ్ళెం మళ్ళీ సగం మిగలసాగింది.

హిమజ ఎడమ పక్కకు పోయి, "సరోజినమ్మా, నేను యాడుండా?" అని పిలిచింది. సరోజినీదేవి కుడిపక్క తలుపు వైపు వెతికింది. హిమజ నవ్వే పిల్ల, ఆ రోజు నవ్వలేదు. "ఇంకోసారి స్కాన్ తీపిద్దామక్కా. మళ్ళా ఏమన్నా అయిందేమో చూడాల" అంది చిన్నగా.

మళ్ళీ ఏమన్నా అంటే? ఇంకో గడ్డా? పద్మశ్రీ వంటింట్లో నిలబడి ఏం చేస్తోందో మరిచిపోయి పాలు పొంగించింది. లోచ్‌లకు జడిసి గప్పీలు మూలకు చేరాయేమోనని కుర్చీ వేసుకుని లెక్కపెట్టింది. అన్నీ హాయిగానే తిరుగుతున్నాయి. లైటు మార్చింది. నీళ్ళు మార్చింది. ఎర్రతోకల గప్పీలు ఇంకొన్ని తెచ్చి వదిలింది. తొట్టి పెళ్ళిపందిరిలా మెరిసిపోతోంది, అత్తయ్య సున్నం చూస్తోంది.

"నువ్వు కంగారుపడి నన్ను కంగారు పెట్టొద్దు పద్మా," అన్నాడు మోహన్‌కృష్ణ. "రేపు స్కాన్‌కు పోతాండాం కదా." అని తనే ఆ మాట ముగ్గురికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు.

పద్మశ్రీ ఆస్పత్రి కాగితాలన్నీ సంచిలో సర్దింది. అత్తయ్య ఇలాగే ఉండిపోతే? ఎడమ పక్కకు వస్తే చాలు, బతికినన్నాళ్ళూ తను ఆ కళ్ళకు లేని మనిషేనా? ఇన్నేళ్ళూ ఆ నోటికి భయపడి బతికిన కోడలికి ఇప్పుడు ఆ చూపు కోసం ప్రాణం కొట్టుకుంటోందంటే నవ్వొస్తుంది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ మధ్యాహ్నం బొరుగుల ఉగ్గాని తినిపించి, మూతి తుడిచి, గిన్నె తీసుకుని లేవబోతూ ఆగిపోయింది. సరోజినీదేవి తల కొంచెం కదిలింది. గోడ మీంచి ముందుకు, ముందు నుంచి తొట్టి అంచుకు.

పద్మశ్రీ గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టింది. కుర్చీ పక్కన మోకాళ్ళమీద కూర్చుని, తలను అత్తయ్య భుజం ఎత్తుకు దించి, ఆ కళ్ళు ఎటు చూస్తున్నాయో తనూ అటు చూసింది. గప్పీల గుంపు ఒకటి సర్రున దూసుకుపోయింది. అత్తయ్య కనుపాప చలించలేదు. ఇంకో గుంపు ఇటు వచ్చింది. ఊహూఁ.

ఆ కళ్ళు గాజుమీద ఒక్కచోట ఆనుకుని ఉన్నాయి. అక్కడ పెసరగింజంత నత్త. లోచ్‌ల కన్ను కప్పి ఎలా మిగిలిందో, అదొక్కటే ఉంది. ఎడమవైపుకు పాకుతోంది. అది బొటనవేలంత దూరం పోతే కనుపాప అంతే పోయింది. ఇంకాస్త పోయింది. మెడ కదిలింది.

పద్మశ్రీ మోకాళ్ళమీదే తొట్టి వైపు జరిగింది.

కింద రాయి చాటు నుంచి లోచ్ ఒకటి బయటికి వచ్చింది. మీసాలతో గాజును తడుముకుంటూ నత్త కిందికి చేరింది.

"హేయ్!" అని అరిచింది సరోజినీదేవి, కుడిచెయ్యి ఎత్తి కోడిని అదిలించినట్టు అదిలిస్తూ. "తినేస్తాది! తియ్యే దాన్ని, తియ్యే!"

పద్మశ్రీ మోచేతిదాకా తొట్టిలో ముంచి, లోచ్ మూతి కిందనుంచి నత్తను గిల్లి బయటికి లాగింది. చీర తడిసింది, బల్ల తడిసింది. అరచేతిలో నత్త గుల్లలోకి ముడుచుకుపోయింది.

"అత్తయ్యా... మీరు ఇన్నాళ్ళూ చూసింది చేపల్ని కాదా?"

"చేపల్ని ఏం చూసేది?" సరోజినీదేవి మాట ఇంకా కాస్త ముద్దగానే వస్తోంది. "ఇట్ల కనపడతాయి, అట్ల పోతాయి. యాడికి పోతాయో ఏమో. ఇదైతే మెల్లగా పోతాది. పోతా పోతా నన్ను గూడా తోడుకొని పోతాది."

"మరి ఒక్కమాట చెప్పొచ్చు కదా!"

"ఏం చెప్పాల? నన్నెవురడిగినారు? అన్నీ వాటికి తినిపించి ఇప్పుడడుగుతాండావు."

పద్మశ్రీ అరచేతిలోని గుల్లను చూసింది. అత్తయ్యను వేలు పట్టుకుని నడిపిస్తున్నవాటిని వెతికి వెతికి, తన చేత్తోనే చంపించింది. శుభ్రం చేశానని ఫోటో కూడా తీసింది.

ఒక గాజుగ్లాసులో తొట్టి నీళ్ళు ముంచి నత్తను అందులో వేసింది. స్టూలు జరిపి గ్లాసును అత్తయ్య ముందు పెట్టి, తను ఎడమ పక్కన నేలమీద కూర్చుని దాన్ని పట్టుకుంది. నత్త అడుగున రాయిలా పడి ఉంది. లోచ్ మూతి తగిలిందా? తన గోరు గుచ్చుకుందా? అడగడానికి ఎవరూ లేరు. బయట రోడ్డుమీద టిప్పరు పోతే గ్లాసులో నీళ్ళు సన్నగా వణికాయి. ఆ కాసేపట్లో పద్మశ్రీ తనకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది, ఒక నత్త కోసం.

చాలాసేపటికి గుల్ల అంచున ఏదో మెదిలింది. దారపు పోగుల్లాంటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి. నత్త తిరగబడి, గాజును పట్టుకుని, మెల్లగా పైకి, తర్వాత ఎడమకు నడిచింది. సరోజినీదేవి చూపు దానితో నడిచింది. నత్త గ్లాసు వంపు తిరిగింది. చూపు కూడా తిరిగింది. గ్లాసు పట్టుకున్న వేళ్ళమీదికి వచ్చింది, చేతిగాజుల మీదికి వచ్చింది, తడిసిన చీర మీదుగా పైకి పోయి ఒక ముఖం దగ్గర ఆగింది.

"ఏమే," అంది సరోజినీదేవి, "ఏడుస్తాండావా?"

"లేదత్తయ్యా," అంది పద్మశ్రీ. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తితే ఆ చూపు ఎక్కడ జారిపోతుందోనని కదలకుండా అలాగే కూర్చుంది.