గుమ్మం దాకా

బ్రాకెట్ ముందున్న మైనస్ మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. పేపర్లు దిద్దుతున్న మేడం ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టింది. ఎంత గట్టిగా అంటే కాగితం చిరిగింది. తర్వాతి పేపర్లోనూ అదే తప్పు. కోపం రాసినవాళ్ళ మీద కాదు. బ్రాకెట్ తీస్తే గుర్తు మారుతుందంతే అని బడిలో బట్టీ పట్టించి, ఎందుకు మారుతుందో ఒక్కనాడూ చెప్పనివాళ్ళ మీద.

కాలేజీలో చేరేముందు పెట్టే లెక్కల పరీక్షలో తప్పినవాళ్ళకు ఏడాదిపాటు బీజగణితం, త్రికోణమితి నేర్పి, కలన గణితానికి, అంటే కాలిక్యులస్‌కి, సిద్ధం చేయడం ఆమె పని. దాన్ని పునాది తరగతి అనేవారు. సైకిల్ స్టాండు పక్కన, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన గది దానికిచ్చారు. కలన గణితం మాత్రం ఆమెకు ఎప్పుడూ ఇవ్వలేదు. దానికి డాక్టరేట్ ఉండాలి. తల్లి మంచాన పడినప్పుడు ఆమె పరిశోధన మానేసి, ఒక్క ఏడాదికే కదా అని ఈ తాత్కాలిక ఉద్యోగంలో చేరింది. జుట్టు నెరిసేదాకా అది తాత్కాలికంగానే ఉంది. సుద్దపొడికి వేళ్ళ చివర్లు పగిలాయి. బోర్డు పైదాకా చెయ్యెత్తీ ఎత్తీ కుడి భుజం పట్టేసింది.

శాఖాధిపతి రమ్మన్నాడని అటెండరు వచ్చి చెప్పాడు. ఆయన కూడా ఒకప్పుడు ఈ పునాది తరగతిలో కూర్చున్నవాడే. సైన్, కొసైన్ తేడా తెలియక ఏడ్చినవాడే. పదవిలోకి వచ్చిన రోజు నుంచి ఆమె ఆయన్ని సార్ అని పిలుస్తోంది.

"వచ్చే ఏడాది నుంచి పునాది తరగతి ఉండదండీ," అన్నాడాయన, చూపు కంప్యూటర్ మీదే ఉంచి. పిల్లలు వీడియోలు చూసుకుని నేరుగా కాలిక్యులస్‌లోకి వచ్చేస్తారట. వచ్చే వారం చిన్న వీడ్కోలు సభ కూడా పెడతాడట.

అర్థం కాకపోతే వీడియోని ఎవరు అడుగుతారని ఆమె అడిగింది.

"ఎన్నాళ్ళని చెయ్యి పట్టుకుని నడిపిస్తామండీ?"

"నీ చెయ్యి ఎన్నాళ్ళు పట్టుకున్నానో మర్చిపోయావా?"

సార్ పోయి ఏకవచనం రావడం విని ఆయన తలెత్తాడు. అప్పటి రోజులు వేరని ఏదో గొణిగాడు.

"రోజులేం మారలేదు. అప్పుడు నువ్వు బెంచీలో ఉన్నావు, ఇప్పుడు కుర్చీలో ఉన్నావు. అదొక్కటే మారింది," అంది. సభా వద్దు, గిభా వద్దు అని లేచి వచ్చేసింది. ఇన్నేళ్ళూ మింగిన మాటల్లో ఒక్కటే బయటికి వచ్చింది.

ఆ మధ్యాహ్నానిదే ఆ ఏడాదికి చివరి తరగతి. త్రికోణమితి పునశ్చరణ చేయాల్సిన రోజు. ఆమె పుస్తకం తెరవలేదు. బోర్డు మీద ఎక్స్ వర్గానికి వచ్చే గిన్నెలాంటి వంపు గీసి, దాని మీద రెండు చుక్కలు పెట్టింది.

"రెండు చుక్కలుంటే వాటిని కలిపే గీతకు వాలు కడతారు. చుక్క ఒక్కటే ఉంటే?"

మొదటి బెంచీలో వైర్‌మన్ కూర్చున్నాడు. ముప్పై దాటినవాడు, పొద్దున్నే ఇళ్ళకు కరెంటు పనులు చేసుకుని తరగతికి వచ్చేవాడు. ఒక్క చుక్కకు వాలేమిటి మేడం అని నవ్వాడు.

రెండో చుక్కని హెచ్ అంత దూరంలో పెట్టమంది. ఎక్స్ ప్లస్ హెచ్‌ని వర్గం చేయించింది. మధ్యలో రెండు ఎక్స్ హెచ్ ఎవరైనా వదిలేస్తే ఊరుకోనంది. ఎవరూ వదల్లేదు. ఎక్స్ వర్గం తీసేయించింది, హెచ్‌తో భాగించమంది. ఏడాది పొడుగునా తిట్లు తిని నేర్చుకున్న పనులే అన్నీ. వాళ్ళ పెన్నులు ఆగకుండా నడిచాయి.

"ఇప్పుడు హెచ్‌ని చిన్నది చేస్తూ పోండి. రెండో చుక్క మొదటిదాన్ని ఆనుకునేదాకా. ఏం మిగిలింది?"

వైర్‌మన్ నవ్వు ఆగిపోయింది. "రెండు ఎక్స్," అన్నాడు. బోర్డు వంక చూసి, "కాలిక్యులస్ అంటే ఇంతేనా మేడం? ఇంతదానికేనా మమ్మల్ని అంత భయపెట్టారు?"

"ఇంతే. ఇది చెప్పే అర్హత నాకు లేదన్నారు."

అనేశాక ఆమెకే ఆశ్చర్యమేసింది. గొంతులో ఏడుపు లేదు. మండుతున్న కోపమే ఉంది. వెనక బెంచీ అమ్మాయి ఇంకొకటి చేయించమని అడిగింది. ఘనం చేయించింది. గంట కొట్టాక కూడా ఎవరూ లేవలేదు.

బోర్డు తుడవకుండా తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసింది. సోమవారం పేపర్లు పంచడానికి వస్తారుగా అని గుమాస్తా అడిగాడు. దిద్దినవి బల్ల మీద ఉన్నాయి, ఎవరైనా పంచుకోవచ్చు, తను రానని చెప్పింది.

బస్సులోంచి భర్తకు ఫోన్ చేసింది. మందుల షాపులో ఉన్నాడాయన, ఎవరికో దగ్గు మందు ఇస్తున్నాడు.

"ఇవాళ నేను కాలిక్యులస్ చెప్పానండీ."

"మంచిదేగా. వచ్చేటప్పుడు పాలు తీసుకురా."

ఆమె ఫోన్ పెట్టేసింది. కోపం దిగలేదు. దిగాలని ఆమె కోరుకోనూ లేదు. బస్సు ఊగుతుంటే కడ్డీని పిడికిలితో పట్టుకుని నిలబడింది.

కాలేజీలో సైకిల్ స్టాండు పక్క గదికి అటెండరు తాళం వేశాడు. లోపల, చివరి బెంచీ వెనక, పొద్దుటి వానకు తడిసిందని ఆమె విప్పి ఆరబెట్టిన నల్లగొడుగు, ఒక ఊచ వంగినది, తన చుట్టూ చిన్న తడి మచ్చ చేసుకుని నేలమీద ఉండిపోయింది.