రెండు గీతలు చాలు

ఆ వానాకాలం నడుమ నా చేతిలో ఉన్నవి ఇవి: రెండు వందల బస్తాల యూరియా, ఒక వేలిముద్ర మిషన్, దాని తెర మీద నాలుగు గీతల సిగ్నల్. ఎల్లారెడ్డి నుంచి పోచారం పోయే దారిలో మా ఊళ్లో ఎరువుల దుకాణం నాది ఒక్కటే. రైతు వేలు పెడితే ఆ ముద్ర నెట్‌లో పోయి ఆమోదం రావాలి, అప్పుడే బస్తా కదలాలి. గీతలు నాలుగూ నిండుగా ఉండగానే లైను తెగిపోయేది. పది మంది వేలు పెడితే నలుగురిదే పడేది.

సిమ్ము కంపెనీకి పదకొండు సార్లు ఫోన్ చేశాను. మా దగ్గర అందరూ అనే మాటే నేనూ అన్నాను: టవర్ లేదు. ప్రతి సాయంత్రం ఒకటే జవాబు వచ్చేది: మీ దగ్గర టవర్ పనిచేస్తోంది, ఫిర్యాదు ముగించాం.

అంతలో ఎరువుల కంపెనీ తరఫున డీలర్ల పని చూసే దివాకర్ కామారెడ్డి నుంచి వచ్చాడు. అమ్మకం సాగడం లేదు కాబట్టి సోమవారం లారీ తెచ్చి సరుకంతా కామారెడ్డికి మళ్లిస్తానన్నాడు. కావలసినవాళ్లు అక్కడికే వచ్చి తీసుకుంటారట.

వరుసలో ముందున్న హన్మవ్వకు ఎకరం వరి. నాటు వేసి నెల కావస్తోంది, పైరు పసుపు తిరుగుతోంది. ఐదోసారి కూడా పడని వేలిని కొంగుకు తుడుచుకుంది.

"కామారెడ్డి కాంచి బస్తా నువ్వు మోసుకొస్తవా బిడ్డా?"

దివాకర్ ఫోన్ చూసుకున్నాడు. "టవర్ లేని ఊళ్లె నేనేం జేయాలె అవ్వా?"

"లేకపోవుడేంది? ఇటు ఎల్లారెడ్డి టవరు, అటు పోచారం టవరు. నా పొలంల నిలవడితె రెండూ కనవడ్తయి."

నేను ఆ మాట దగ్గరే ఆగాను. పశువుల అంగడిలో ఇద్దరు ఒకే ఎద్దు పగ్గం పట్టి చెరోవైపు గుంజితే బేరం కుదరదు. రెండు టవర్ల నడుమ నా మిషన్‌దీ అదే గతి కావచ్చు.

"సరుకు ఈడికెళ్లి కదలదు సార్," అన్నాను. "సోమవారం ఖాళీ లారీతోని రాండ్రి, ఖాళీగనే పోతరు."

అతను పోయాక మిషన్‌ను దుకాణమంతా తిప్పాను. పోచారం వైపు కిటికీ దగ్గర నాలుగు గీతలు, లైను మాత్రం నిలవదు. వెనక గదిలో, ఎల్లారెడ్డి వైపు గోడ దగ్గర రెండే గీతలు. అక్కడ మాత్రం లైను ఒక్కసారి కూడా తెగలేదు.

పన్నెండోసారి ఫోన్ చేసి టవర్ లేదనలేదు. టవర్లు రెండున్నాయి, మిషన్ అటూ ఇటూ దూకుతోంది, దూకినప్పుడల్లా లైను తెగుతోంది అన్నాను. కంపెనీలో ఫోన్ ఎత్తిన పిల్ల మొదటిసారి శ్రద్ధగా రాసుకుంది. సరిచేయడానికి పదిహేను రోజులు పడుతుందంది. పైరు అన్నాళ్లు ఆగదు. పోచారం టవర్ సిగ్నల్ లోపలికి రాకుండా అటు వైపు కిటికీకి ఇనుప రేకు కొట్టి, మిషన్‌ను వెనక గదికి మార్చాను.

సోమవారం దివాకర్ లారీతో వచ్చి తెర చూశాడు.

"ముందు నాలుగుండె. ఇప్పుడు రెండే గదా సేటూ?"

"రెండు చాలు. లెక్క గీతలది కాదు సార్, తెగకపోవుడుది."

హన్మవ్వ వేలు మొదట పడలేదు. దివాకర్ నవ్వాడు. ఆమె అరిగిన బొటనవేలిని చూసుకుని చూపుడువేలు పెట్టింది. మిషన్ బీప్‌మంది.

"అది నా వేలు తప్పు, టవర్‌ది కాదు," అని దివాకర్‌తో చెప్పి, బస్తా ఎత్తించుకుంది.

ఆ రోజు లెక్క ఇది. ఖర్చయినవి ఒక రేకు, ఆరు మేకులు. పోయినవి రెండు గీతలు, కిటికీ గాలి. వచ్చిన రైతులు డెబ్బై ముగ్గురు, పడిన ముద్రలు డెబ్బై మూడు. కామారెడ్డి లారీ ఎక్కిన బస్తాలు సున్నా.